జెనిఫర్ కోసం ప్రార్థన మనవి

మా తోడికోడలు జెనిఫర్ అంటే నాకు అసూయ. ఈ వాక్యం రాయడానికి నాకు నలభై మూడేళ్ల వయసు రావలసి వచ్చింది కాబట్టి ముందే రాసేస్తున్నాను. కొంచెం అసూయ కాదు, బాగానే. ఆమె కొత్త చీర కట్టుకుని మెట్లు దిగితే అది ఎంతకు కొన్నదో తెలిసేదాకా నాకు అన్నం సయించదు. తెలిశాక అసలే సయించదు.

గుడివాడలో మాది రెండు వాటాల ఇల్లు. కింద నేను, మా ఆయన హనోకు. పైన మా మరిది బెన్నీ, జెనిఫర్. వాళ్ల పెళ్లయి మూడేళ్లయింది. మూడేళ్లుగా ఆమె ఎన్నింటికి లేచింది, గ్యాస్ బండ ఎన్నాళ్లొచ్చింది, బెన్నీతో ఏ రోజు మాట్లాడకుండా ఉంది, అన్నీ నాకు తెలుసు. మెట్ల మీద అడుగుల చప్పుడును బట్టి ఆమె మూడ్ ఎలా ఉందో వంటింట్లోంచే చెప్పగలను. "నీకెందుకే ఆ గోల" అంటారు మా ఆయన. నాకెందుకో నాకూ తెలియదు గానీ, కావాలి.

చీరలూ గ్యాస్ బండలూ చిన్న విషయాలు. పెద్ద విషయం డీఎస్సీ. నేను పదిహేడేళ్లుగా ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. గవర్నమెంటు టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ పరీక్ష నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ పోయింది. ఒకసారి అర మార్కులో పోయింది. ఆ అర మార్కు సంగతి ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తాను. 2025లో ఐదోసారి రాశాను. జెనిఫర్ మొదటిసారి రాసింది.

ఇద్దరం కలిసే చదివాం. అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే వీలు ఇద్దరికీ లేదు. మా డైనింగ్ టేబులే మా కోచింగ్ సెంటరు. సైకాలజీ మొత్తం ఆమెకు నేనే చెప్పాను. అందులో రక్షక తంత్రాల పాఠం, అంటే మనసు తన తప్పును తనకే కనబడకుండా ఎలా దాచుకుంటుందో చెప్పే పాఠం, నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. "ఒకరి మీద ఉన్న ద్వేషాన్ని దాచుకోవడానికి వాళ్ల మీద అతిగా ప్రేమ చూపించడం ఏ తంత్రం?" అని అడిగేదాన్ని. ఆమె తడబడితే "ప్రతిచర్యా నిర్మితి, రాసుకో" అని నెత్తి మీద ఒక మొట్టికాయ వేసేదాన్ని. ఆ ప్రశ్నకు నాకెప్పుడూ మార్కు పోలేదు.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు జెనిఫర్‌ని ముందుకు పిలిచి శాలువా కప్పించారు. "వీరి తోడికోడలు స్వర్ణలత గారు కూడా ఎంతో ప్రోత్సహించారు" అని నన్ను కూడా నిలబెట్టారు. చప్పట్లు కొట్టారు. ప్రోత్సహించారట. నేను చెప్పిన సైకాలజీతో ఆమె పాసైతే నాది ప్రోత్సాహమా. అంతా నవ్వుతూనే విన్నాను. ఇంటికొచ్చి నలభై మందికి చికెన్ పలావు నేనే వండాను, ఎవరినీ వంటింట్లోకి రానివ్వలేదు. ఎంత మంచి మనసో అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

ఆమెకు దివిసీమలో పోస్టింగ్ వచ్చింది. నాగాయలంక దాటాక సముద్రం వైపున ఉన్న పల్లె. అక్కడ గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రాలు ఇంటికి రావాలి. బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం మా వంటింట్లో నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, "అక్కా, నీకొకటి చెప్పాలి" అంది.

ఇంటరు చదివేటప్పటినుంచి ఆమెకు ఫిట్స్ ఉన్నాయట. మందులు వాడుతోంది, చివరిసారి వచ్చి ఐదేళ్లయింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరుకు కూడా దాచకుండా చెబితే, ఉద్యోగానికి ఏ ఇబ్బందీ లేదన్నారట. బెన్నీకి పెళ్లికి ముందే తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

"మరి నాకెందుకు చెబుతున్నావు?" అన్నాను.

"అక్కడ ఒక్కదాన్నే ఉండాలి కదక్కా. ఎప్పుడైనా ఫోన్ ఎత్తకపోతే ఎందుకో ఒకరికైనా తెలిసుండాలి. ఎవరికీ చెప్పకు."

"నా నోట రాదు" అన్నాను. ఆ నిమిషానికి అది నిజమే. కానీ ఇంకొకటి కూడా నిజం, అది కూడా రాయాలి. ఆ మాట విన్నాక చాలా రోజుల తర్వాత నాకు హాయిగా ఉంది. శాలువా కప్పుకున్న మనిషికి కూడా ఒక లోటు ఉంది. దాంతోపాటు, మూడేళ్లు కనిపెట్టుకుని ఉండి ఈ సంగతి నేను పసిగట్టలేకపోయానే అని ఉక్రోషం కూడా వచ్చింది.

శుక్రవారం సాయంత్రం మా చర్చి హాల్లో స్త్రీల కూడిక. చాపల మీద ఇరవై మందిమి కూర్చుంటాం. అయ్యగారి భార్య ప్రేమమ్మ గారు నడిపిస్తారు. ఆమెను మేము అమ్మగారు అంటాం. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పుకోవాలి. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరి అబ్బాయికి వీసా, ఒకరికి అల్లుడి తాగుడు. అందరి మనవులూ వింటారు గానీ, ఏదో ఒక మనవికి మాత్రం హాలంతా కదిలిపోతుంది. ఆ రోజు ఆ మనవి చెప్పినామె చుట్టూ అందరూ చేరతారు. నా మనవి ఎప్పుడూ డీఎస్సీయే. పదిహేడేళ్లుగా అదే విని వాళ్లకూ విసుగొచ్చింది.

ఆ శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు డీఎస్సీ అనలేదు. తల మీద కొంగు సర్దుకుని, "నాకొక భారం ఉందండి" అన్నాను. కాసేపు ఆగాను. "మా జెనిఫర్ కోసం. పైకి చూస్తే ఏం తక్కువ అనిపిస్తుంది. కానీ ఆ పిల్లకి ఫిట్స్ ఉన్నాయండి. ఆ సముద్రపు పల్లెలో ఒక్కతే, చిన్న పిల్లల మధ్య, ఎప్పుడు ఎక్కడ పడిపోతుందో" అని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, కన్నీళ్లు వాటంతటవే వచ్చాయి. హాలంతా మోకాళ్ల మీదికి వంగింది. వెనక నుంచి ఎవరో వచ్చి నా వీపు మీద చెయ్యి వేశారు. ఎవరికీ చెప్పొద్దంది గానీ దేవుడికి చెప్పొద్దనలేదు కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది కూడా రక్షక తంత్రాల పాఠంలోదే, పేరు హేతుకీకరణం. పరీక్షలో అయితే టకీమని గుర్తుపట్టేదాన్ని.

ఆ కూడికకు ముత్యాలమ్మ అని ఒకామె వస్తుంది. మచిలీపట్నం గిలకలదిండి మనిషి, గుడివాడ మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆమె కూతురు సాయిదుర్గను ఇచ్చింది సరిగ్గా జెనిఫర్ పనిచేసే పల్లెలోనే. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు, తర్వాత అమ్మగారు చెబితే తెలిసింది. ముత్యాలమ్మ చెడ్డదేం కాదు. "మీ ఊరి టీచరమ్మకి ఫిట్స్ అంట, పాపం, నువ్వు కూడా దణ్ణం పెట్టుకో" అని కూతురికి ఫోన్లో చెప్పింది. సాయిదుర్గ పక్కింటామెకు చెప్పింది. పది రోజుల్లో ఊరంతా ఆమె కోసం దణ్ణాలు పెట్టుకుంది.

బుధవారం జెనిఫర్ ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. "అక్కా, ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. మా పిల్లల్ని ఆ టీచరు దగ్గర కూర్చోబెట్టం అంటున్నారు. శనివారం పేరెంట్స్ అందర్నీ పిలిచారు హెడ్‌మాస్టరు గారు. నన్ను ఇక్కడ ఉంచరేమో. ఇదంతా బెన్నీ పనే, ఎవరో ఫ్రెండ్ దగ్గర నోరు జారి ఉంటాడు. ఎన్నిసార్లు అడిగినా లేదంటున్నాడు. ఇంక నేను ఆ ఇంటికి రానక్కా."

అప్పుడు నాకేమనిపించిందో రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. ముందుగా నాకు సంతోషమే వేసింది. రెండు క్షణాలు, అంతే, కానీ వేసింది. ఆ తర్వాతే ఇంకొకటి తట్టింది. ఇద్దరికే తెలిసిన సంగతి బయటికొస్తే, ఆమె మొగుణ్ణి అనుమానించింది గానీ నన్ను అనుమానించలేదు.

"ఏడవకు జెన్నీ, ప్రార్థన చేస్తాను" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి బెన్నీ కిందికి వచ్చి మా టేబుల్ దగ్గర కూర్చున్నాడు. "వదినా, బైబిల్ మీద చెయ్యేసి చెబుతాను, నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెబితే వింటుంది, నువ్వు ఒక్కసారి మాట్లాడు" అన్నాడు. నేను అతనికి అన్నం వడ్డించాను, చారు పోశాను. అన్నం కెలికి లేచిపోయాడు. నేను చెప్పవలసిన మాట ఒక్కటే, అది తప్ప అన్నీ చెప్పాను.

మర్నాడు స్కూలవగానే అమ్మగారి దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ నా చేతులు పట్టుకుని, "అది నువ్వు కాదమ్మా స్వర్ణా. అసూయ అనే ఆత్మ నీ చేత అలా పలికించింది. ఇప్పుడే ప్రార్థన చేసి దాన్ని గద్దిద్దాం, వదిలిపోతుంది" అన్నారు.

ఎంత తేలికైన దారో. కళ్లు మూసుకుంటే చాలు. ఎవరో వచ్చి నా నోటితో మాట్లాడి వెళ్లిపోయారు, నేను కడిగిన ముత్యంలా మిగిలిపోతాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

"ఆత్మ కాదండి, నేనే" అన్నాను. "ఎక్కడ ఆగితే అందరూ తలెత్తి చూస్తారో నేనే చూసుకున్నాను. 'పైకి చూస్తే ఏం తక్కువ' అన్న మాట ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. దాన్ని గద్దించి పంపించేస్తే మళ్లీ ఎప్పుడో నాకు తెలియకుండానే వస్తుంది, ఈసారి ఇంకో మంచి పేరు పెట్టుకుని వస్తుంది. ఉన్నది నాలోనే అని నన్ను ఒప్పుకోనివ్వండి."

అమ్మగారు నా చేతులు వదిలేశారు. "అయితే నా దగ్గరికెందుకు వచ్చావమ్మా. ఆమె దగ్గరికెళ్లు" అన్నారు.

శనివారం స్కూలుకు సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాను. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ. దారి పొడవునా వరి కోతలు. నాగాయలంకలో దిగి ఆటోలో ఇంకో అరగంట. దారంతా నేను చెప్పవలసిన మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. 'నీ మీద ప్రేమకొద్దీ నోరు జారాను' అని ఒకటి వచ్చింది, చాలా బాగుంది, కొట్టేశాను. 'ముత్యాలమ్మ లేకపోతే బయటికొచ్చేది కాదు' అని ఇంకొకటి వచ్చింది. అదీ కొట్టేశాను. స్కూలు దగ్గర దిగేసరికి నా దగ్గర మిగిలింది రెండు ముక్కలే.

జెనిఫర్ వరండాలో ఒక్కతే నిలబడి ఉంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "వచ్చావా అక్కా" అని ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నా చేతిలో ఉండగానే చెప్పాను.

"బెన్నీ కాదు. నేనే చెప్పాను. కూడికలో, ప్రార్థన మనవి అని. నీకు ఉద్యోగం వచ్చి నాకు రాలేదని కుళ్లుతో చెప్పాను."

ఆమె చెయ్యి తీసేసుకుంది. లోపలి నుంచి హెడ్‌మాస్టరు నాగభూషణరావు గారు పిలిస్తే తరగతి గదిలోకి వెళ్లిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

గదిలో పాతిక మంది దాకా ఉన్నారు, పిల్లల బెంచీల మీద ఇరుకుగా కూర్చుని. అందరూ చేపల వేటకెళ్లే కుటుంబాల వాళ్లే. పాపాయమ్మ అనే ముసలామె ముందుగా లేచింది. "అమ్మా, మా మనవరాలు నీ దగ్గరే కూర్చుంటది. నువ్వు దబ్బున పడిపోతే పిల్ల దడుచుకోదా? ఉన్నమాట చెప్పు. ఉందా, లేదా?"

లేదనేస్తుందని నేను అనుకున్నాను. ఆమె స్థానంలో నేనుంటే లేదనే చెప్పేదాన్ని.

"ఉందండీ" అంది జెనిఫర్. "మందులు వేసుకుంటున్నాను. ఐదేళ్లయింది రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాదని మాత్రం చెప్పలేను. ఒకవేళ వస్తే ఏం చెయ్యాలో పిల్లలకు నేనే నేర్పుతాను. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద సంచీ పెట్టి, పక్క గదిలో మాస్టారిని పిలవాలి. చేతిలో తాళాలు పెట్టకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. కాసేపట్లో నేనే లేస్తాను."

అంత మామూలుగా చెప్పింది, రెండో ఎక్కం చెప్పినట్టు. నాకు సిగ్గుతో తల వాలిపోవాలి కదా. వాలింది కూడా. కానీ దాని కిందే ఆ పాత మంట మళ్లీ రాజుకుంది. ఇంత ధైర్యం దీనికెక్కడిది, నాకెందుకు లేదు అని. ఈసారి దాన్ని చూశాను. ఇదిగో వచ్చావా అనుకున్నాను. అది నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు. కాకపోతే నా నోటిదాకా రాలేదు.

పాపాయమ్మ నా వైపు తిరిగింది. "ఈవిడెవరు?"

జెనిఫర్ బోర్డు వైపు తిరిగింది. నేనే చెప్పాను. "తోడికోడల్నండి. మీ ఊరికి ఈ కబురు చేరింది నావల్లే. ఆమె మీద జాలితో చెప్పలేదు. ఓర్వలేక చెప్పాను."

కిటికీ పక్కన, ముత్యాలమ్మ పోలికలే ఉన్న సాయిదుర్గ తల దించుకుంది. పాపాయమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "తోడికోడళ్లన్నాక అది ఉండదేంటి" అంది. "ఉన్నాదని ఇట్టా వచ్చి చెప్పినోళ్లని మాత్రం నేను చూళ్లేదు."

వెనక బెంచీలోంచి పోతురాజు అనే అతను లేచాడు. అతనికి సొంత బోటు ఉందట. "మా బోట్లో నరసింహానికి ఇదే జబ్బండి. వాణ్ణి అంచున కూర్చోనివ్వం, నడిమధ్యలో కూర్చోబెడతాం. వాడి పని వాడు చేస్తాడు. టీచరమ్మ కూడా బావి వైపు, మెట్ల వైపు ఒక్కతే వెళ్లకుండా చూసుకుందాం. ఏమంటారు?" అన్నాడు. కాసేపు గుసగుసలు నడిచాయి. ఇద్దరు తల్లులు మాత్రం ముఖాలు మాడ్చుకునే వెళ్లారు. మిగిలినవాళ్లు సోమవారం పిల్లల్ని పంపిస్తామన్నారు. నాగభూషణరావు గారు రిజిస్టరులో సంతకాలు తీసుకున్నారు.

అందరూ వెళ్లాక జెనిఫర్ నా వెనకే రోడ్డు దాకా వచ్చింది. ఆటో కోసం నిలబడ్డాం. ఆమె నాకు రెండడుగుల దూరంలో నిలబడింది.

"ఇప్పుడు పోయిందా?" అంది.

"ఏది?"

"నేనంటే నీకున్నది."

పోయిందంటే ఇద్దరికీ సుఖం. "పోలేదు జెన్నీ" అన్నాను. "ఇందాక లోపల నువ్వు మాట్లాడుతుంటే కూడా వచ్చింది."

ఆమె తలూపింది. ఆశ్చర్యపోలేదు. "నాకు తెలియదనుకున్నావా? కాపురానికొచ్చిన నెలకే తెలుసు."

"తెలిసీ నాకెందుకు చెప్పావు మరి?"

"బెన్నీ పక్కనే ఉంటాడు, ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. నేను స్నానానికెళ్లి పది నిమిషాలు ఆలస్యమైతే కింద నుంచి జెన్నీ అని కేకేసేది నువ్వు. నేను రాత్రి తినలేదని పొద్దున్నే కనిపెట్టేది నువ్వు. కుళ్లుతో కనిపెడుతున్నావో ప్రేమతో కనిపెడుతున్నావో, నాకెందుకు అనుకున్నాను. ఆ ఇంట్లో నేను పడిపోతే ముందు పరిగెత్తుకొచ్చేది నువ్వే అనుకున్నాను. అందుకే నీకు చెప్పాను."

మూడేళ్లుగా ఆమెకేమేం ఉన్నాయో చూస్తూ కూర్చున్నాను. ఆమె నమ్మకం నా దగ్గర ఉన్న సంగతి చూడనే లేదు. ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వనిది నాకిచ్చింది. నేను దాన్ని పట్టుకెళ్లి చాప మీద ఇరవై మంది ముందు పెట్టాను. అప్పుడు ఏడుపొచ్చింది. కూడికలో వచ్చినంత సులువుగా రాలేదు.

"ఇంక నీకు ఏ మాటా చెప్పను" అంది. "బెన్నీకి ఈ సాయంత్రం నువ్వే చెప్పు. నేను చెప్పను."

"చెబుతాను."

ఆటో వచ్చి ఆగింది. ఎక్కి కూర్చున్నాను. ఆమె నా వైపు చూడకుండా, రోడ్డు కేసి చూస్తూ అంది.

"పడిపోతే ముందొచ్చేది నువ్వేనని ఇప్పటికీ అనిపిస్తోందక్కా. అదే నాకు ఒళ్లు మండుతోంది."